చెయ్యి విడిగా చెక్కాలి

చిన్న కొయ్యబొమ్మలు కొని దాచుకునేవాళ్లు దాదాపు అందరూ ఒక పని చేస్తారు. బొమ్మను చేతిలోకి తీసుకుని, తిరగేసి, చంక కింద, మెడ దగ్గర, మణికట్టు దగ్గర వేలితో తడుముతారు. ఆ తర్వాత "సింగిల్ పీసేనా?" అని అడుగుతారు. అవునంటే ముఖం విప్పారుతుంది, ధర గురించి పెద్దగా మాట్లాడరు. కాదు, భుజం దగ్గర అతుకుంది అంటే బొమ్మ తిరిగి బల్ల మీదికి వస్తుంది. ఒకే చెక్కలోంచి తీసిన బొమ్మే అసలైన బొమ్మ, అతికించింది చేతకాక చేసిన పని అన్న అభిప్రాయం మనలో ఎంత లోతుకు దిగిందో ఆ ఒక్క ప్రశ్న చెబుతుంది. చెక్కడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ అభిప్రాయాన్ని మార్చింది మా లాలాగూడలో ఒక రైల్వే వడ్రంగి, ఆయన చెప్పినదానికి రుజువుగా నిలబడ్డ కొండపల్లి బొమ్మలు. కర్రతో మనిషి బొమ్మ చేసేటప్పుడు, చాచిన చేతిని విడిగా చెక్కి అతికించడమే సరైన పద్ధతి అని ఇప్పుడు ఎవరితోనైనా అనగలను.

మాది రైల్వే కుటుంబం. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ దానికి కేంద్రం అయ్యాక బెజవాడ వైపు నుంచి ఎన్నో కుటుంబాలు బదిలీల మీద ఇటు వచ్చాయి. అలా వచ్చినవాళ్లలో మావాళ్లూ ఉన్నారు. ఇల్లు సౌత్ లాలాగూడలో, ఉద్యోగం తార్నాకలో. సాయంత్రం ఇంటికొచ్చాక వరండాలో పాత దుప్పటి పరుచుకుని చాకు, రెండు మూడు సన్న ఉలులు, సానరాయి ముందేసుకుని కూర్చోవడం నా అలవాటు. నేను చెక్కేవి వేలెడంత నుంచి బెత్తెడంత దాకా ఉండే మనుషులు. దేవుళ్ల జోలికి వెళ్లను. చాయ్ కెటిల్ పట్టుకున్న కుర్రాడు, ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున్నే నడకకొచ్చే పెద్దమనిషి, సీతాఫలాల గంప ముందు కూర్చున్న అవ్వ, వీపున బ్యాగుతో పోటీ పరీక్షల పుస్తకం చదువుకుంటూ నడిచే విద్యార్థి. ఎటు చూసినా కనిపించేవాళ్లే కాబట్టి చూసి నేర్చుకోవడానికి కొదవ లేదు. వాటిలో కొన్ని కొనుక్కునేవాళ్ల దగ్గరికి వెళ్తాయి, మిగతావి ఇంట్లోనే ఉంటాయి.

కర్రకూ ఇక్కడ కొదవ లేదు. తార్నాక చుట్టుపక్కల పాత బంగళాలు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నప్పుడల్లా టేకు తలుపులు, కిటికీ చట్రాలు పాత సామాన్ల దుకాణాలకు చేరతాయి. తలుపు అమ్ముడుపోగా మిగిలిన ముక్కలు నాలాంటివాళ్లకు చవగ్గా దొరుకుతాయి. పాత టేకు కదలదు, పగలదు. కానీ దానిలో సన్నని ఇసుకలాంటి సిలికా ఉంటుంది, ఉలి పదును త్వరగా పోతుంది. గాలికి విరిగిపడ్డ వేపకొమ్మ సువాసనగా ఉంటుంది గానీ దాని నార ఒక పొరలో ఇటు, మరో పొరలో అటు మెలితిరిగి ఉంటుంది. ఒక వైపు నున్నగా వస్తున్న చోట హఠాత్తుగా పెచ్చు లేస్తుంది. సుబాబుల్ చెక్కడానికి మెత్తన, ఆరేటప్పుడు చీలుతుంది. ఇవన్నీ వాడి చూశాక పొణికి చేతికి వస్తే, అంత తేలిక కర్ర ఉంటుందా అని ఆశ్చర్యం వేస్తుంది. చాకు పెడితే చాలు, చెప్పినట్టు వింటుంది. కొండపల్లిలోనూ నిర్మల్‌లోనూ తరతరాలుగా ఈ పొణికినే ఎందుకు పట్టుకున్నారో ఒక్క సాయంత్రంలో అర్థమవుతుంది.

అసలు సంగతి ఒక గేట్‌మ్యాన్ బొమ్మ దగ్గర మొదలైంది. లాలాగూడ గేట్ అనే పేరు ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. రైలు గేటు దగ్గర పచ్చజెండా పట్టుకుని చెయ్యి పక్కకు చాచి నిలబడే మనిషిని చెక్కాలని నాకు ఎప్పటినుంచో కోరిక. వెడల్పాటి టేకు ముక్క తీసుకుని, ఒళ్లు నిలువుగా, చెయ్యి అడ్డంగా ఉండేలా గీసుకుని, ఒకే చెక్కలోంచి తీయడానికి కూర్చున్నాను. మా వీధిలోనే ఉండే బాబాయిగారు ఆ దారిన వెళ్తూ ఆగారు. ఆయన లాలాగూడ వర్క్‌షాప్‌లో వడ్రంగిగా పనిచేసి రిటైరైన మనిషి. నన్ను కూతురిలా "బిడ్డా" అంటారు. ముక్క చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసి అన్నారు:

"ఒళ్లు నిలువుగ బాగనే ఉన్నది. చెయ్యి కాడ నార అడ్డమొచ్చింది సూడు బిడ్డా. గిది ఇయ్యాల కాకుంటె రేపు ఇరుగుతది."

"ఒకే చెక్కలో రావాలని చేస్తున్నాను బాబాయిగారూ."

"ఎందుకు? ఒక్క చెట్టుతోని రైలు డబ్బా చేస్తరా?"

ఆ మాట ఆయన వాదించడానికి అన్నది కాదు. వృత్తిలో గడిచిన జీవితం మొత్తం ఆ ప్రశ్న వెనుక ఉంది. లాలాగూడ వర్క్‌షాప్ 1893లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పెట్టింది. ఆ కాలంలో రైలు పెట్టె అంటే ఇనప చట్రం మీద కర్రతో కట్టిన ఇల్లే. నిలువు స్తంభాలు, అడ్డ దూలాలు, పైకప్పు వంపులు, తలుపులు, కిటికీలు, బల్లలు, అన్నీ కర్రే. 1955లో మద్రాసు పెరంబూరులో ఉక్కు పెట్టెల తయారీ మొదలయ్యాక కర్ర క్రమంగా తగ్గింది. అయినా బాబాయిగారు పనిలో చేరేనాటికి లోపలి బల్లలకూ కిటికీలకూ నేలకూ కర్ర పని పుష్కలంగానే ఉండేదట. ఇప్పటికీ ఆ వర్క్‌షాప్‌లో పెట్టెలను వంతులవారీగా విప్పి, బాగుచేసి, మళ్లీ పట్టాల మీదికి పంపుతారు. వేగంలో ఊగుతూ, ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ నడిచే పెట్టెను నిలబెట్టింది అతుకులే. నిలువు కర్రలో బెజ్జం తొలిచి, అడ్డకర్ర కొస సన్నం చేసి అందులోకి దిగ్గొట్టి, మేకు అడ్డం వేస్తారు. ప్రతి కర్రా తన నార ఎటు సాగుతుందో అటే బరువు మోస్తుంది. ఆ పనిలో జీవితం గడిపిన మనిషికి, చేతి నారను అడ్డంగా వదిలేసి ఒకే చెక్క అని సంబరపడటం వింతగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

నార సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అంతా దాని మీదే ఆధారపడింది. కర్ర అంటే చెట్టు వేరు నుంచి కొమ్మ దాకా నీళ్లు మోసిన సన్నని గొట్టాలు, పోగులు నిలువుగా పక్కపక్కన అంటుకుని ఉన్న కట్ట. చీపురు కట్టను రెండు కొసలా పట్టుకుని లాగితే ఒక్క పుల్లా తెగదు, పక్కకు విడదీస్తే మాత్రం చిన్నపిల్ల చేతికీ విడిపోతుంది. కర్రా అంతే. చాలా కర్రల్లో నారకు అడ్డంగా లాగితే తట్టుకునే బలం, నార వెంట లాగినప్పటి బలంలో పదో వంతు కూడా ఉండదు. ఆరినప్పుడు ముడుచుకోవడమూ ఇలాగే ఒక దిక్కుకు ఒకలా, మరో దిక్కుకు మరోలా ఉంటుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి అడ్డంగా నూటికి అయిదారు వంతుల దాకా తగ్గుతుంది. నిలువునా అయితే వెయ్యికి ఒకటి రెండు వంతులే. అంటే కర్రకు దిక్కు ఉంది. నిలువు మనిషి ఒంట్లోంచి చాచిన చేతిని అదే చెక్కలో తీస్తే, ఆ చెయ్యి పొడవునా నార అడ్డంగా ఉంటుంది. పెన్సిలంత సన్నని చేతిలో ఆ పోగులు చెయ్యి మందం మేరకే ఉంటాయి, భుజానికి పట్టుకుని ఉండే పొడవైన పోగు ఒక్కటీ ఉండదు. అదే చేతిని విడిగా, నార పొడవునా ఉండేలా చెక్కి, భుజంలో చిన్న బెజ్జం చేసి దిగ్గొడితే, వేలితో నొక్కి చూసినా బెదరదు.

ఇంత సులువైన విషయం మనకు ఎందుకు తోచదు? నాకు తోచిన జవాబు ఏమిటంటే, మనం కర్రను రాతి కొలతతో కొలుస్తున్నాం. తెలుగువాళ్లకు ఏకశిల అంటే అంతులేని గౌరవం. ఓరుగల్లుకు ఏకశిలానగరం అని పేరు పెట్టుకున్నాం. లేపాక్షి నందిని చూపించేటప్పుడు మొదట చెప్పే మాట అది ఒకే రాయి అనే. హుస్సేన్ సాగర్ మధ్యన 1992లో నిలబెట్టిన బుద్ధుడి గురించి కూడా ఇదే మాట. ఆ గౌరవం రాతి విషయంలో న్యాయమే. నల్లరాయికి నార లేదు, ఎటు చెక్కినా దాదాపు ఒకే బలం. అంత పెద్ద రాయిని పగుళ్లు లేకుండా తీసి, చెక్కి, చేర్చడం మహా పని. కానీ అక్కడ కూడా కథ పూర్తిగా ఏకశిలది కాదు. హంపీలో విఠలాలయం ముందున్న రాతి రథాన్ని చూసి ఎంతోమంది ఒకే రాయి అనుకుంటారు. అది చాలా రాళ్లను కలిపి కట్టింది, అతుకులు చెక్కడాల్లో కలిసిపోయేలా శిల్పులు చేశారు. ఉస్మానియా క్యాంపస్‌లో 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడి ఆ గులాబీ రంగు గ్రానైట్ గోడలను చూసినవాళ్లెవరూ ఇది ఒకే రాయేనా అని అడగరు. కట్టడంలో అతుకును కళగా చూస్తాం, బొమ్మలో లోపంగా చూస్తాం.

హైదరాబాదు పిల్లలకు ఈ ఏకఖండ మోహాన్ని మరింత పెంచింది సాలార్‌జంగ్ మ్యూజియం అని నాకు అనిపిస్తుంది. అక్కడ మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా జంట శిల్పం ఉంది. ఒక వైపు గర్వంగా నిలబడ్డ పురుషుడు, వెనక వైపు తల వంచుకున్న అమ్మాయి. వెనక అద్దం పెట్టారు కాబట్టి ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. 19వ శతాబ్దపు ఫ్రెంచి పని అది, ఒకే సైకమోర్ దుంగలో రెండు రూపాలూ తీశారు. మా తరం స్కూలు విహారయాత్రలన్నీ ఆ అద్దం ముందు ఆగేవి. ఒకే దుంగ అని టీచరు చెప్పగానే అందరూ నోరు తెరిచేవాళ్లం. ఆ శిల్పం గొప్పదే, నేను దాని గొప్పతనాన్ని ఏమాత్రం తక్కువ చేయను. మనిషెత్తు దుంగలో చేయగల పని అది. బెత్తెడు ఎత్తు మనిషి చేతికి పెన్సిలంత మందం కూడా మిగలదు, ఆ కొలతలో కర్ర లెక్క వేరు.

చిన్న కొలతలో ఒకే ముక్క పద్ధతిని పూర్తిగా సాధించినవాళ్లు జపాన్ నెత్సుకె శిల్పులు. కిమోనోకు జేబులుండవు కాబట్టి మగవాళ్లు పొగాకు సంచీనో మందుల డబ్బానో తాడుతో నడుముపట్టీ నుంచి వేలాడదీసుకునేవారు. ఆ తాడు జారకుండా పట్టీ పైన అడ్డుగా ఉండే గుండీలాంటి బొమ్మే నెత్సుకె. బాక్స్‌వుడ్ అనే గట్టి కర్రలోనూ దంతంలోనూ చెక్కేవారు. ఇప్పుడు ప్రపంచమంతా వాటిని సేకరిస్తారు. వాటిని జాగ్రత్తగా చూస్తే ఒక నియమం కనిపిస్తుంది. ఎలుక తోక ఒంటికి చుట్టుకుని ఉంటుంది. మనిషి మోకాళ్లు గుండెకు దగ్గరగా, చేతులు మోకాళ్ల చుట్టూ ఉంటాయి. బట్టకు తగులుకునే కొస ఒక్కటీ బయటికి రాదు. అంటే ఒకే ముక్కలో చెక్కాలంటే మనిషి ఒదిగి కూర్చోవాలి. ఆ నియమానికి వాళ్లు లోబడ్డారు కాబట్టే ఆ బొమ్మలకు అంత అందం. మన బొమ్మలు ఒదిగి కూర్చునే రకం కాదు. మనవాళ్లు చెట్టెక్కుతారు, దంచుతారు, తిరగలి తిప్పుతారు, బండి తోలుతారు, మేళం వాయిస్తారు. చాచని చేతితో ఆ పనులేవీ చూపించలేం.

బాబాయిగారి మాట విన్నాక నేను చేసిన మొదటి పని అటక మీంచి అమ్మ బొమ్మల పెట్టె దించడం. అమ్మది కృష్ణా జిల్లా. సంక్రాంతికి కొలువు పెట్టడం ఆమెకు పండగలోకెల్లా పెద్ద పండగ. కాజీపేట బెజవాడ లైన్‌లోనే కొండపల్లి స్టేషను ఉంది కాబట్టి, పుట్టింటికి వెళ్లివచ్చిన ప్రతిసారీ ఒకటో రెండో బొమ్మలు సంచీలో వచ్చేవి. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, ఎడ్లబండి. ఇన్నేళ్లూ వాటిని రంగుల కోసం చూశాను. ఆ రోజు అతుకుల కోసం చూశాను. తాటిచెట్టు ఆకులు ఒక్కొక్కటీ విడిగా చేసి గుచ్చినవి. చెట్టు మీది మనిషి విడి, అతని చేతులు విడి. ఏనుగు ఒక ముక్క, అంబారీ ఒక ముక్క, పైన కూర్చున్న రాజు ఒక ముక్క. ప్రతి చేతిలోనూ నార భుజం నుంచి వేళ్ల వైపు సాగుతోంది. ఒక్క బొమ్మలోనూ ఇది తప్పలేదు.

కొండపల్లి బొమ్మల కాలనీలో పనిచేసే ఆర్యక్షత్రియ కుటుంబాలు తమ పూర్వీకులు నాలుగు వందల ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటాయి. వాళ్ల పని క్రమం చూస్తే అతుకును తర్వాత తెచ్చిపెట్టుకున్న సర్దుబాటుగా ఎవరూ అనుకోలేరు. కొండల్లోంచి తెచ్చిన తెల్ల పొణికిని ముందు సన్నని సెగ మీద ఆరబెట్టి తేమ పోగొడతారు. ఒంటిని, తలను, చేతులను, చేతిలోని వస్తువును వేరువేరుగా బాడిసతో, ఉలితో తీర్చుతారు. ఆకురాయితో రాస్తారు. తర్వాత మక్కు వస్తుంది. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన ముద్ద అది. ఆ మక్కుతోనే అవయవాలను అతుకుతారు, అదే మక్కుతో అతుకు మీద నునుపు తెస్తారు, ముక్కూ చెవులూ మడతలూ కూడా దానితోనే తీర్చుతారు. తర్వాత సుద్దపూత, దాని మీద మేక వెంట్రుకల కుంచెతో రంగు. బొమ్మ రూపం మొదటి గీత నుంచీ అతుకును లెక్కలోకి తీసుకునే పుడుతుంది.

మక్కు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే వచ్చే జిగురు మన నకాశీ చిత్రకారులకు కూడా ప్రాణం. చేర్యాలలో పటాలకు, ముఖాలకు, బొమ్మలకు ఇదే వాడతారు. తార్నాకలో రసాయనశాస్త్రం చదివినవాళ్లకు లోటు లేదు కదా. వాళ్లలో ఒకరిని అడిగితే, చింతగింజలో ఉండే ప్రధాన పదార్థం పేరు జైలోగ్లూకాన్ అని చెప్పారు. చెట్ల కణాల గోడల్లో సెల్యులోజ్ పోగులను పట్టి ఉంచే పదార్థాల కుటుంబానికే చెందిందట. బట్టల మిల్లుల్లో నూలుకు గంజి పెట్టడానికి కూడా చింతగింజల పిండి వాడతారు. కర్ర లోపల పోగును పట్టుకునే పదార్థంలాంటిదాన్నే మనవాళ్లు కర్ర బయట అతుకుకు పెట్టారన్న మాట. కొలిచి చూసి కనిపెట్టినవాళ్లెవరో తెలియదు గానీ, చేతితో కనిపెట్టినవాళ్లు మన కొండల పక్కనే ఉన్నారు.

ఈ జిగురుకు మరో గుణం ఉంది. తడి తగిలితే మెత్తబడుతుంది. దాన్ని లోపంగా చూడకూడదు. మ్యూజియంలలో పాత వస్తువులకు మరమ్మతు చేసేవాళ్లు వీలైనంతవరకు తిరిగి విడదీయగలిగే జిగురునే వాడాలని చూస్తారు. అమ్మ పెట్టెలో మత్స్యావతారం చెయ్యి ఒకసారి ఊడింది. అమ్మ పాత మక్కును తడిగుడ్డతో తుడిచి, కొత్తగా చింతగింజల జిగురు పెట్టి, దారంతో కట్టి ఎండలో పెట్టింది. ఇప్పుడు ఏ చెయ్యో గుర్తుపట్టలేం. అదే పెట్టెలో ఎవరో బహుమతిగా ఇచ్చిన బొమ్మ ఒకటి ఉంది, ఒకే గంధపు చెక్కలో తీసిన నర్తకి. చాలా సున్నితమైన పని. దాని చెయ్యి మోచేతి దగ్గర నార అడ్డంగా చీలి విరిగింది. ముక్క అతికించాలంటే అతికే చోటే లేదు, పోగులు విడిపోయి అంచు గరుకుగా మిగిలింది. అతుకు ఊడితే మళ్లీ కలపవచ్చు. నార విరిగితే అంతటితో సరి.

ఏటికొప్పాక సంగతి వేరు. అంకుడు కర్రను తరిమెన మీద తిప్పి, లక్క రంగు పట్టించి చేసే ఆ బొమ్మల్లో గుండ్రదనమే రూపం కాబట్టి చెయ్యి చాచే చిక్కే చాలావరకు రాదు. అక్కడ చెట్ల నుంచి తీసే సహజ రంగులను మళ్లీ నిలబెట్టినందుకు సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ పని మీద నాకు చాలా గౌరవం. కానీ నా బొమ్మలకు పాఠం చెప్పింది కొండపల్లే.

సేకరించేవాళ్ల గురించి ఒక మాట. హైదరాబాదులో జగదీశ్ మిట్టల్, కమలా మిట్టల్ దంపతులు చేసిన సేకరణ 1976లో మ్యూజియం అయింది. పండితులు పెద్దగా పట్టించుకోని రోజుల్లోనే తెలంగాణ నకాశీ పటాలను కళగా గుర్తించి భద్రపరిచి, వాటి మీద రాసినవారు మిట్టల్. అలాంటి సేకర్తలు మన అదృష్టం. వాళ్లు అడిగే ప్రశ్న ఈ బొమ్మ ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఎలా వాడారు అని. గొల్లల కాటమరాజు కథను కొయ్యబొమ్మలు చూపిస్తూ చెప్పే మందహెచ్చుల వాళ్ల బొమ్మల విలువ, ఆ కథ, ఆ ప్రయాణం, ఆ చేతులు తెలిస్తేనే అర్థమవుతుంది. అక్కడ ఒకే చెక్కా కాదా అన్నదానికి చోటెక్కడుంది? అయితే నా దృష్టిలో తెలుగునాట అందరికంటే పాత సేకర్తలు, అందరికంటే నిజమైన సేకర్తలు కొలువు పెట్టే ఆడవాళ్లే. ఏటా ఒక కొత్త బొమ్మైనా చేర్చాలని, పాతది ఒక్కటీ పోకూడదని వాళ్ల పట్టుదల. పండగ అయ్యాక పాతచీర ముక్కల్లో చుట్టి, ఎండు వేపాకు వేసి, పెట్టెలో ఒకదాని పక్కన ఒకటి సర్ది, మళ్లీ ఏడాదికి దించేవాళ్లు. ఏ బొమ్మ ఎక్కడ బలహీనమో వాళ్ల వేళ్లకు తెలుసు. బొమ్మకు అసలు పరీక్ష అద్దాల బీరువాలో జరగదు, ఆ పెట్టెలో జరుగుతుంది. ఏటా విప్పడం, చుట్టడం తట్టుకుని ముప్పై నలభై ఏళ్లు నిలిచిన బొమ్మలన్నీ అతికినవే అయితే, ఇంతకంటే పెద్ద ధ్రువపత్రం ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు నేను బొమ్మ మొదలుపెట్టే ముందు దాని నారను గీస్తాను. ఒంటికి ఒక బాణం, చేతికి ఒక బాణం, జెండా కర్రకు ఒక బాణం. బాణాలు ఒకే దిక్కుకు ఉన్న భాగాలు ఒకే చెక్క. దిక్కు మారిన చోట అతుకు. అతుకు ఎక్కడ వేయాలో బట్ట చెబుతుంది. చొక్కా చెయ్యి అంచు, పంచె మడత, గంప అంచు, తలపాగా చుట్టు, ఇవన్నీ అతుకు దాచే చోట్లు కావు, అతుకు సహజంగా ఉండే చోట్లు. చొక్కాకైతే కుట్టు కూడా అక్కడే పడుతుంది. గేట్‌మ్యాన్ బొమ్మను అలాగే చేశాను. ఒంటికి చారెడు టేకు ముక్క, చేతికి అగ్గిపెట్టెకంటే చిన్న ముక్క చాలాయి. ఒకే చెక్కలో చేసి ఉంటే దానికి మూడింతల వెడల్పు చెక్క కావాలి, అందులో ఎక్కువ భాగం పెచ్చులై చెత్తబుట్టలోకి పోయేది. టేకుకైతే సరే. పొణికి విషయంలో ఇది చిన్న లెక్క కాదు. కొండపల్లి అడవుల్లో ఆ చెట్టు తగ్గిపోతోందని బొమ్మల పనివాళ్లు ఎన్నో ఏళ్లుగా మొర పెట్టుకుంటున్నారు. విడిముక్కలతో పని చేసే పద్ధతి ఆ చెట్టుకు కూడా మేలు చేస్తుంది. కొమ్మలోని వంకర ముక్క, పక్కన మిగిలిన పుల్ల, అన్నీ ఎవరో ఒకరి చెయ్యో కాలో అవుతాయి.

గేట్‌మ్యాన్‌ను చూసిన ఒక పెద్దమనిషి చాలాసేపు మెచ్చుకుని, చివర్న "బాగుందమ్మా, చెయ్యి అతికించారు కదా, అదొక్కటీ..." అని ఆగారు. నేను చెయ్యి పట్టుకుని బొమ్మను పైకెత్తి చూపించాను. ఒళ్లంతా ఆ చేతి మీదే వేలాడింది, అతుకు కదల్లేదు. ఆయన తీసుకోలేదు, పర్వాలేదు. బాబాయిగారు ఆ బొమ్మను చూసినప్పుడు మాత్రం చేతిని కాక అతుకును చూశారు. గోటితో గీసి చూసి, "సాఫ్‌గ దిగింది" అన్నారు. నాకు దానికి మించిన మెచ్చుకోలు అక్కర్లేదు.

పాఠకులకు నాదొక విన్నపం. కొండపల్లి బొమ్మ కొనేటప్పుడు అతుకు కనిపిస్తే దాన్ని తగ్గింపు అడగడానికి సాకు చేసుకోకండి. ఆ అతుకు ఏ కర్రతో, ఏ జిగురుతో వేశారని ఆ పనివాణ్నే అడగండి. చింతగింజల మక్కుతో వేశానని చెబితే, అది ఎక్కువ పని అని గుర్తుపెట్టుకుని అడిగిన ధర ఇవ్వండి. ఈ సంక్రాంతికి అటక మీది పెట్టె దించినప్పుడు చెయ్యి ఊడిన బొమ్మ కనిపిస్తే పారేయకండి. ఊడిన ముక్కను పాతగుడ్డలో విడిగా కట్టి దాచండి, పాత మక్కును కొంచెం తడితో, రంగుకు తగలకుండా తీయండి, చింతగింజల జిగురు పల్చగా రెండు వైపులా పూసి, దారంతో చుట్టి, రెండు రోజులు నీడలో ఉంచండి. ఆ బొమ్మ మళ్లీ మెట్టు ఎక్కుతుంది.